తలుపు ఎవరు వేశారు?

ప్రార్థన చేయాలనుకుంటే నలుగురూ చూసే వీధి మలుపుల్లో నిలబడవద్దని, ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకొమ్మని యేసు తన వెంట నడిచినవాళ్లకు చెప్పాడు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలోని ఈ బోధ తెలియని క్రైస్తవులు ఉండరు. అయితే దిగువ కృష్ణా డెల్టాలో ఈ మాటను మొదటి తరంలో విన్న పల్లెల ఇళ్లను తలుచుకుంటే ఒక చిక్కు ఎదురవుతుంది. ఊరికి ఎడంగా, కాలవ గట్టు వారన వేసుకున్న తాటాకు గుడిసెలవి. ఉన్నది ఒకటే గది. పొయ్యి అందులోనే, పురుడూ అందులోనే, ముసలివాళ్ల మంచమూ అందులోనే. తలుపంటే తాటాకు తడక. ఆ ఇంట్లో మనిషి ఒంటరిగా ఉండటమంటే, అందరూ కూలికి పోయిన పూట జ్వరంతో పడి ఉండటమే. అలాంటి మనిషిని గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమంటే ఎక్కడికి వెళ్లాలి?

అయినా వాళ్లు చోటు వెతుక్కున్నారు. తెల్లవారకముందే చేలగట్టు మీదికి వెళ్లారు. కాలవ రేవులో నీళ్ల బిందె పక్కన పెట్టుకుని మోకరించారు. చోటు దొరకని ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కుంటే అదే గది అయింది. ఇప్పటికీ నాట్ల కాలంలో కూలీలతో కిక్కిరిసిన ఆటోలో ఒక మూల కళ్లు మూసుకొని పెదవులు కదిలించే ఆడమనిషి కనపడుతుంది. ఆమె ప్రార్థనలో ఉందని తెలిసి ఆ కాసేపు పక్కవాళ్లు ఆమెను పలకరించరు. గోడలు లేకపోయినా అక్కడ ఒక తలుపు పడుతుంది.

ఆ తలుపు వెనక ఏం జరుగుతుంది? దానికి విలువేమిటి? దేవుడు వింటున్నాడా లేదా అన్నది నేను తేల్చగలిగిన విషయం కాదు. విశ్వాసికి ఆ సంగతిలో సందేహం లేదు. నాకు అంత నిశ్చయం లేదు. కానీ ఆ చోట ఒక మనిషి మాట్లాడుతోందన్నది మాత్రం ఇద్దరమూ ఒప్పుకునే నిజం. నేను అక్కడి నుంచే ఆలోచించగలను.

*

బందరులో చర్చ్ మిషనరీ సొసైటీ తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టింది 1841లో. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు ఆ ఏడాది వచ్చారు. 1843లో నోబుల్ ఒక బడి తెరిచాడు. అదే తర్వాత నోబుల్ కళాశాల అయింది. పై కులాల పిల్లలకు చదువు చెబితే కొత్త విశ్వాసం వాళ్ల ద్వారా కిందికి దిగుతుందని ఆయన ఆశ. ఆ ఆశ కోసం ఆ బడిలో మాల, మాదిగ పిల్లలకు చోటు లేకుండా పోయింది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరంతా అట్టుడికింది, బడి ఖాళీ అయింది. నోబుల్ మాత్రం పెళ్లి చేసుకోకుండా, స్వదేశం ముఖం మళ్లీ చూడకుండా, 1865లో చనిపోయేదాకా బందరులోనే ఉండిపోయాడు. ఆయన దీక్షను తక్కువ చేయలేం. కానీ ఆ బడి గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోయారో మరిచిపోవడమూ న్యాయం కాదు.

ఆ కాలంలోనే, ఆ బడికి చాలా దూరంగా, రాఘవాపురం అనే పల్లెలో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఉండేవాడు. ఆయన బడికి వెళ్లినవాడు కాడు, అప్పటికి పాదిరీని చూసినవాడూ కాడు. విగ్రహాలకు అవతల అందరినీ పుట్టించిన దేవుడొకడు ఉన్నాడని ఎవరో అనగా విన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకొని, పేరైనా తెలియని ఆ దేవుణ్ణి తనకు కనపడమని, తానెవరో ఎక్కడున్నాడో చెప్పమని తనంతట తానే అడగడం మొదలుపెట్టాడు. ఎవరూ నేర్పని ప్రార్థన అది. తర్వాత బెజవాడలో ఉన్న మిషనరీ థామస్ యంగ్ డార్లింగ్ గురించి తెలిసి వెళ్లి కలిశాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. కృష్ణా జిల్లా మాలపల్లెల్లో క్రైస్తవం పాకడం ఆయనతోనే మొదలైందని సంఘ చరిత్రలు చెబుతాయి.

ఆ చరిత్రలు దీన్ని దేవుడు తనవాణ్ణి వెతికి పట్టుకున్న కథగా చెప్పుకుంటాయి. చెప్పుకోనివ్వండి. నా మనసు మాత్రం బాప్తిస్మానికి ముందున్న ఆ ఒంటరి రోజుల దగ్గర ఆగిపోతుంది. వెంకయ్య అడిగిందేమిటో చూడండి. వాన అడగలేదు, గింజలు అడగలేదు. నువ్వెవరని అడిగాడు. ఆ రోజుల్లో ఒక మాల మనిషి కరణాన్ని గానీ మునసబును గానీ ఆసామిని గానీ ఎదురుగా నిలబడి అడగగలిగిన ప్రశ్నేనా అది? ఊళ్లో ఎవరిముందూ తలెత్తి ఒక్క ప్రశ్న వేయడానికి వీల్లేని మనిషి, లోకాన్ని పుట్టించినవాడినే నిలదీశాడు. సమాధానం ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని గురించి వాదించుకోవచ్చు. ప్రశ్న అడగడానికి ఆయనకొక చోటు దొరికిందన్నది వాదనకు అతీతం. ఏకాంత ప్రార్థన గురించి నేను మొట్టమొదట చెప్పదలచుకున్నది ఇదే: ఎక్కడా మాట చెల్లని మనిషికి అది మాట చెల్లే మొదటి చోటు.

*

అయితే ఒంటరితనమంతా ఒక జాతి కాదు. తలుపు ఎవరు వేశారన్నది అడగాలి.

గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం ప్రచురించాడు. క్రైస్తవ ఇంట పుట్టి, కులం చేత అడుగడుగునా గాయపడిన కవి ఆయన. ఆ కావ్యంలో ఒక అరుంధతీ సుతుడు రాత్రివేళ తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన గోడు చెప్పుకుంటాడు. కాశీలోని శివుడికి దాన్ని చేరవేయమంటాడు, అదీ పూజారి దగ్గర లేని సమయం చూసి. గబ్బిలం గుడిలోకి స్వేచ్ఛగా పోతుంది, గుడి చూరుకు వేలాడుతుంది. మనిషికి ఆ దారి మూసి ఉంది. నా లెక్కలో తెలుగులో వచ్చిన గొప్ప ఏకాంత ప్రార్థనల్లో అదొకటి. కానీ ఆ ఏకాంతం ఆ మనిషి కోరుకున్నది కాదు. అక్కడ తలుపు బయటి నుంచి వేశారు.

ఇంకొక తలుపు ఉంది. దాన్ని లోపలి నుంచి వేసుకున్నట్టే కనపడుతుంది, గడియ మాత్రం భయానిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో కలిపారు. క్రైస్తవం తీసుకున్న దళితులకు ఇప్పటికీ ఆ గుర్తింపు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు వెనకబడిన తరగతుల్లో 'సి' గ్రూపు, 1 శాతం రిజర్వేషను. మతం మారినంత మాత్రాన పల్లె మారలేదు, బావి మారలేదు, పెళ్లి సంబంధాలు మారలేదు. కాగితం మాత్రమే మారాలి. దాంతో గుడివాడ అయినా అవనిగడ్డ అయినా ఎన్నో ఇళ్లలో రికార్డులో ఒక మతం, రాత్రి పడుకునే ముందు చేసే ప్రార్థనలో ఒక మతం ఉంటాయి. పిల్లవాడి చదువు కోసం, ఉద్యోగం కోసం ఆ తల్లిదండ్రులు తమ దేవుణ్ణి ఇంటి లోపలే దాచుకుంటారు. వాళ్లను మోసగాళ్లనడం తేలిక. ఒక పౌరుడు తన మనస్సాక్షిని దాచుకొని బతకాల్సిన పరిస్థితి కల్పించినవాళ్ల బాధ్యత సంగతి అడగడమే కష్టం.

పై కులాల ఇళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. సంఘంలో పేరు లేకుండా, బాప్తిస్మం లేకుండా, వంటింట్లో నిశ్శబ్దంగా యేసును తలుచుకునే ఇల్లాళ్లు వాళ్లు. భర్తకు తెలిస్తే గొడవ, అత్తవారికి తెలిస్తే అవమానం. వాళ్ల ప్రార్థనలో ధైర్యమూ ఉంది, భయమూ ఉంది.

యేసు చెప్పిన తలుపు ఈ రెండు రకాలదీ కాదనుకుంటాను. అది మనిషి తన ఇష్టంతో వేసుకొని, తన ఇష్టంతో తీసుకొని బయటికి రాగల తలుపు. బలవంతంగా దాగిన ప్రార్థనను చూసి ఎంత లోతైన భక్తి అని మెచ్చుకుంటే, దాన్ని దాయించిన అన్యాయాన్ని కూడా మెచ్చుకున్నట్టే అవుతుంది. ఏకాంతానికి విలువ రావాలంటే ముందు మనిషికి వీధిలో తలెత్తుకు నడిచే స్వేచ్ఛ ఉండాలి. బయటికి రాగలిగినవాడు లోపలికి వెళ్లినప్పుడే దాన్ని ఏకాంతమనగలం.

*

స్వేచ్ఛ ఉన్న చోట వచ్చే చిక్కు వేరు. ఇప్పుడు డెల్టాలో ప్రార్థనకు గొంతు పెరిగింది. శుక్రవారం ఉపవాస కూడిక, నెలకోసారి రాత్రి ప్రార్థన, గృహ కూడికలు, స్వస్థత సభలు. పందిట్లో మైకు, చెట్టుకు లౌడ్ స్పీకరు, ఫోనులో ప్రత్యక్ష ప్రసారం. వీటిని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. రోజంతా ఒకరి పొలంలో వంగి పనిచేసిన మనుషులు సాయంత్రం తమ సొంత చోట గొంతెత్తి పాడుకోవడంలో గౌరవం ఉంది. ఒకరి కష్టం విని ఇంకొకరు ఏడవడంలో మనుషులు మనుషులుగా మిగులుతారు.

కానీ ఆ గొంతులో ఏకాంతం కరిగిపోతోందేమో చూసుకోవాలి. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు ఒక ఇల్లాలు లేచి తన భర్త తాగుడు గురించి చెబుతుంది. మర్నాటికి అది వీధంతా తెలుస్తుంది. సాక్ష్యం చెప్పమన్నప్పుడు జబ్బు నయమైనవాళ్లే లేస్తారు. నయం కానివాళ్లు తమ విశ్వాసంలో ఏం లోపముందో అని తల వంచుకుంటారు. అయ్యగారూ మా కోసం ప్రార్థన చేయండి అని అడిగి అడిగి, తమ మాటకన్నా ఆయన మాటే పైకి చేరుతుందని కొందరు నమ్మేస్తారు. వెంకయ్య ఎవరి సహాయమూ లేకుండా అడిగిన ప్రశ్నను ఆయన మునిమనవల తరం ఇంకొకరి నోటికి అప్పగించేసిందా అనిపిస్తుంది.

బైబిల్లో హన్నా కథ ఇక్కడ గుర్తుకొస్తుంది. బిడ్డలు లేని ఆ స్త్రీ దేవాలయంలో మనసులోనే ప్రార్థన చేసుకుంటుంది. పెదవులు కదులుతాయి, మాట వినపడదు. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకొని మందలిస్తాడు. ఆమె వెనక్కి తగ్గదు. తాను తాగలేదని, తన ప్రాణంలోని బాధనే కుమ్మరిస్తున్నానని చెబుతుంది. మతాధికారం ఒక సామాన్య స్త్రీ మౌనాన్ని అర్థం చేసుకోలేకపోయిన సంగతిని బైబిలు దాచలేదు. ఆమె ముందు ఆ పెద్దమనిషే మాట మార్చుకుని, సమాధానంగా వెళ్లమని దీవించాడు. ప్రతి సంఘ పెద్దా, ప్రతి కాపరీ ఏడాదికొకసారి చదువుకోవాల్సిన అధ్యాయం అది. వినపడని ప్రార్థన తమ చేతిలో ఉండదని, ఉండకూడదని అది వాళ్లకు చెబుతుంది.

తెలుగు క్రైస్తవంలో మౌనానికి చోటు లేకపోలేదు. ముంగమూరి దేవదాసు 1938లో మొదలుపెట్టిన బైబిలు మిషనులో దేవుని సన్నిధిలో మాట లేకుండా కనిపెట్టుకొని ఉండటాన్ని ఒక సాధనగా నేర్పుతారు. యేసు కూడా జనం చుట్టుముట్టిన రోజుల్లో తెల్లవారకముందే లేచి నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థించేవాడని మార్కు రాశాడు. జనాన్ని ప్రేమించినవాడికే జనం నుంచి కాసేపు తప్పుకోవాల్సిన అవసరమూ తెలిసింది.

*

ఒంటరిగా మాట్లాడుకునే మనిషిని చూస్తే లోకానికి ఎందుకో ఇబ్బంది. జర్మన్ తత్వవేత్త కాంట్ 1793లో అచ్చయిన తన మత గ్రంథంలో దీన్ని ప్రస్తావించాడు. ఒంటరిగా ప్రార్థిస్తూ ఉన్న మనిషిని ఎవరైనా హఠాత్తుగా చూస్తే, తనలో తాను మాట్లాడుకుంటూ దొరికిపోయినవాడిలా ఆ మనిషి సిగ్గుపడతాడన్నది ఆయన పరిశీలన. కాంట్ దృష్టిలో ప్రార్థనలో విలువైనది ఆ మాటలు కాదు, మంచిగా బతకాలన్న సంకల్పం. అది మిగిలితే మాటలు రాలిపోయినా నష్టం లేదు. డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ విశ్వాసి. ప్రార్థన దేవుణ్ణి మార్చదు, చేసేవాణ్ణి మారుస్తుందని ఆయన అన్నాడు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. అయినా ఇద్దరూ పుస్తకాల గదుల్లో కూర్చుని రాశారనిపిస్తుంది. తనలో తాను మాట్లాడుకోవడానికి సిగ్గుపడేది, రోజంతా ఎవరో ఒకరు తన మాట వినే మనిషి. పగలల్లా ఎవరూ వినని మనిషికి ఆ సిగ్గుతో పనిలేదు. ఆటోలో కళ్లు మూసుకున్న ఆ కూలి మనిషి చుట్టూ పదిమంది ఉన్నా దాపరికం లేకుండా పెదవులు కదుపుతుంది. ఆమెకు మాటలు రాలిపోతే చాలా నష్టం. ఆమెకున్న సొంత మాటలు అవే. కొడుకు పట్నంలో ఏమైపోయాడో, మేస్త్రి కూలి ఎందుకు తగ్గించాడో, నడుం నొప్పి ఎన్నాళ్లు దాచాలో, తోడికోడలి మీద తనకున్న కుళ్లు ఎంతటిదో, ఇవన్నీ ఆమె ఎక్కడ చెప్పుకుంటుంది? ఇంట్లో చెబితే తగవు, పొలంలో చెబితే పని పోతుంది, సంఘంలో చెబితే వీధికెక్కుతుంది. చెప్పినా తిరిగి తన మీద ప్రయోగించని ఒక వినికిడి ఆమెకు కావాలి.

ఏకాంత ప్రార్థనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనపడేది ఈ నిర్భయమే. మనం ఎవరితో మాట్లాడినా కొంత దాస్తాం, కొంత పెంచుతాం. ఎదుటివాడు ఏమనుకుంటాడోనన్న లెక్క ఉంటుంది. అన్నీ తెలిసినవాడి ముందు మాట్లాడుతున్నానని నమ్మినప్పుడు దాయడానికి అర్థం లేదు, పెంచడానికీ అర్థం లేదు. తన కోపాన్ని, అసూయను, ఆశను వాటి అసలు పేర్లతోనే పిలవాలి. ఆ పని చేయగలిగిన మనిషి, ఆ పూటకైనా, తన గురించి తాను అబద్ధం చెప్పుకోలేడు. వినేవాడు ఉన్నాడని రుజువు చేయలేను. అయితే అలా మాట్లాడిన మనిషిలో నిజం ఒక మెట్టు పైకొచ్చిందన్నది కాదనలేను.

ఇక్కడ నా మాటకే నేను ఒక అడ్డు వేసుకోవాలి. తలుపు వేసుకున్నంత మాత్రాన ప్రేక్షకులు పోరు. లూకా సువార్తలో దేవాలయానికి ప్రార్థనకు వెళ్లిన ఇద్దరి ఉపమానం ఉంది. పరిసయ్యుడు తాను ఇతరుల్లా కానందుకు, దూరాన నిలబడ్డ ఆ సుంకరిలా కానందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. గదిలో ఒంటరిగా ఉన్నా అతడు అలాగే చేసేవాడు, ఎందుకంటే అతడి ప్రేక్షకుడు అతడే. తన ముందు తాను గొప్పగా నిలబడటం కన్నా తీపి నాటకం లేదు. కాబట్టి ఏకాంతం నిజాయితీకి వీలు కల్పిస్తుంది గానీ హామీ ఇవ్వదు. హామీ ఎక్కడైనా ఉంటే అది తలుపు తీసిన తర్వాత కనపడాలి.

*

ఈ డెల్టాలో ప్రార్థన గురించి ఎవరు మాట్లాడినా ఉప్పెన దగ్గరికి రాక తప్పదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడింది. ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి సుమారు 30,000 మంది చనిపోయారని ఆనాటి లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి అయిదారు మీటర్ల ఎత్తున కెరటం వచ్చింది. చనిపోయినవాళ్లు 10,000 అన్నది తక్కువ అంచనా. సొర్లగొంది లాంటి తీరపు ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. పులిగడ్డ దగ్గర వాళ్ల జ్ఞాపకార్థం కట్టిన స్తూపం ఉంది.

ఆ రాత్రి గుడిసెల్లో, చెట్ల మీద, చూరు పట్టుకొని వేలాడుతూ ఎంతమంది ప్రార్థించి ఉంటారు? రాముణ్ణి తలిచినవాళ్లు, అల్లాను తలిచినవాళ్లు, యేసును తలిచినవాళ్లు అందరూ ఒకే నీళ్లలో ఉన్నారు. మిగిలినవాళ్లు తమ దేవుడు కాపాడాడని సాక్ష్యం చెప్పారు. ఆ కృతజ్ఞతను ఎవరు తప్పుపడతారు? కానీ చనిపోయినవాళ్లూ ప్రార్థించారు. వాళ్ల సాక్ష్యం మనకు వినపడదు. బతికినవాళ్ల మాటలతోనే ప్రార్థన ఫలాన్ని లెక్క కడితే ఆ లెక్క సగమే. చంకలో బిడ్డ జారిపోయిన తల్లితో నీ ప్రార్థనలో విశ్వాసం చాలలేదని చెప్పగలిగిన మతం ఏదైనా ఉంటే, అది మనిషి పక్కన నిలబడే అర్హత పోగొట్టుకున్నట్టే.

కాబట్టి ప్రార్థన విలువ అడిగింది దొరకడంలో ఉందని నేను ఒప్పుకోలేను. ఈ మాట అనడానికి క్రైస్తవ విశ్వాసం బయటికి పోవాల్సిన అవసరం కూడా లేదు. గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనే అందుకు సాక్ష్యం. స్నేహితులు నిద్రపోతుంటే ఒంటరిగా, ముఖం నేలకు ఆనించి, రాబోయే బాధను తప్పించమని తండ్రిని అడిగాడు. అది తప్పలేదు. క్రైస్తవులు అన్నిటికన్నా పవిత్రంగా తలుచుకునే ఏకాంత ప్రార్థన అడిగింది దొరకని ప్రార్థన. అయినా దాన్ని ఎవరూ విఫలమైందనరు. అక్కడ ఒక మనిషి తన భయాన్ని దాచుకోలేదు, వద్దన్న మాట నోటితో అన్నాడు, ఆ తర్వాత లేచి జరగబోయేదానికి ఎదురు నడిచాడు.

ఉప్పెన తర్వాత దివిసీమలో మిగిలినవాళ్లకు కావలసింది ముందు బియ్యం, బట్టలు, ఇళ్లు. వాటితోపాటు ఏడవడానికి ఒక చోటు, కోప్పడటానికి ఒక చోటు కూడా కావాలి. కీర్తనల గ్రంథంలో చాలా భాగం అలాంటి ఏడుపులే, దేవుణ్ణి ఎందుకు విడిచిపెట్టావని అడిగే ప్రశ్నలే. స్తోత్రం మాత్రమే నేర్పి ఫిర్యాదు నేర్పని సంఘం తన పుస్తకాన్నే సగం మూసి చదువుతోంది. ఫిర్యాదుకు మైకు పనికిరాదు. దానికి తలుపు వేసిన గదే కావాలి.

*

ఈ నేల మీదే ప్రార్థనకు గట్టి ప్రతివాది పని చేశాడు. గోరాగా మనకు తెలిసిన గోపరాజు రామచంద్రరావు, దేవుడి గురించి రాసిన వ్యాసం వల్ల 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పారు. 1940లో అధ్యాపక వృత్తి వదిలేసి ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. దేవుడి మీద ఆధారపడే మనిషి తన చొరవను పోగొట్టుకుంటాడని, ఆ బానిస మనసే కులానికీ దోపిడీకీ ఊపిరి పోస్తుందని ఆయన వాదించారు. వాదించి ఊరుకోలేదు, సహపంక్తి భోజనాలు పెట్టించారు, అంటరానితనం మీద పోరాడారు.

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయకూడదు. కూలి తగ్గించినప్పుడు అడగాల్సిన మాటను రాత్రి ప్రార్థనలో చెప్పుకొని గుండె తేలిక చేసుకుంటే, తెల్లవారి ఆ మాట అడిగే కోపం మిగలకపోవచ్చు. కొట్టే భర్త మారాలని ఇరవై ఏళ్లు ప్రార్థించమని ఇల్లాలికి సలహా ఇచ్చే పెద్దలు ఉన్నారు. అలాంటి చోట ప్రార్థన దెబ్బలకు కాపలా కాస్తుంది. అక్కడ గోరా మాటే నిజం.

కానీ అదొక్కటే నిజం కాదు. గోరా సేవాగ్రామ్ వెళ్లి గాంధీతో నాస్తికత్వం గురించి చర్చించారు. ఆ సంభాషణల జ్ఞాపకాలు 1951లో పుస్తకంగా వచ్చాయి. గాంధీ రోజు ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగిసేది. ఒకరు దేవుడి నుంచి బలం తీసుకున్నారు, ఒకరు దేవుడు లేడన్న నమ్మకం నుంచి బలం తీసుకున్నారు. అంటరానితనం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. గోరా 1975లో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత ఉప్పెన వచ్చినప్పుడు నాస్తిక కేంద్రం మనుషులు దివిసీమకు సహాయానికి వెళ్లారు. క్రైస్తవ సంఘాల సేవా సంస్థలూ వెళ్లాయి, హిందూ సంస్థలూ వెళ్లాయి. ఆకలితో ఉన్న మనిషి అన్నం పెట్టిన చేతిని అందుకున్నాడు. అంతకుముందు రాత్రి ఆ చేతులు జోడించాయో లేదో అతడికి అవసరం లేకపోయింది.

అందుకే ప్రార్థనకైనా, ప్రార్థన లేకపోవడానికైనా పరీక్ష ఒకటేననుకుంటాను. తలుపు తీసుకొని బయటికి వచ్చిన మనిషి పక్కవాడికి ముందుకన్నా ఏమవుతున్నాడు? కానుక బలిపీఠం దగ్గర పెట్టబోతూ సోదరుడికి తన మీద బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు అదే కొండమీది ప్రసంగంలో, తలుపు మాట చెప్పడానికి కాస్త ముందు, చెప్పాడు. రెండు మాటలూ కలిపి చదవాలి. కూలీకి ఇవ్వాల్సిన డబ్బు ఆపి గంటసేపు మోకరించే ఆసామి ప్రార్థనలోకి ఆ కూలీ వచ్చి నిలబడకపోతే, ఆ గదిలో ఉన్నది ఆసామి ఒక్కడే. వచ్చి నిలబడితే, ఆ డబ్బు తెల్లవారేలోగా ఆ ఇంటికి చేరాలి.

*

ఏకాంత ప్రార్థన గురించి నాకు తేలినంత చెబుతాను. అది మనిషికి ఒక స్థలం. అణగారినవాడికి ప్రశ్నించడం నేర్పిన స్థలం, దుఃఖించేవాళ్లకు ఫిర్యాదు చేసుకోనిచ్చిన స్థలం, ఎవరికైనా తనతో తాను నిజం మాట్లాడుకునే వీలిచ్చే స్థలం. ఆ స్థలంలో దేవుడు ఉన్నాడని విశ్వాసి అంటాడు. నేను ఆ మాట అనలేకపోయినా, ఆ స్థలం మనిషికి అవసరమని, దాన్ని ఎవరూ ఆక్రమించకూడదని అనగలను.

దీన్నుంచి రెండు వైపులా బాధ్యతలు వస్తాయి. సంఘాలు తమ మనుషులకు ఏకాంతాన్ని వదిలిపెట్టాలి. వాళ్ల కన్నీళ్లను సాక్ష్యాలుగా మార్చమని తొందరపెట్టకూడదు, వాళ్ల నోటికి బదులు ఇంకొకరి నోరు పెట్టకూడదు, దొరకని వరానికి వాళ్ల విశ్వాసాన్ని నిందించకూడదు. రాజ్యం వాళ్ల మనస్సాక్షికి కులధ్రువపత్రంతో వెల కట్టడం మానాలి. గదిలో చేసుకునే ప్రార్థన బయట చెప్పినా బతుకు చెడని రోజు వస్తేనే అది నిజంగా స్వంత ప్రార్థన అవుతుంది.

దేవుణ్ణి నమ్మని మానవవాదులకూ ఒక బాధ్యత ఉంది. మనం మూఢనమ్మకాలను ప్రశ్నించాం, మంచిదే. కానీ రాత్రి పదింటికి నడుం వాల్చి, ఎవరితోనూ చెప్పుకోలేని మాటలు గుండెలో పెట్టుకున్న కూలి మనిషికి మనం ఏ స్థలం ఇచ్చాం? ఆమె మాట పగలు వినే మేస్త్రి, వినే పంచాయతీ, వినే ఆసుపత్రి, వినే భర్త ఉండేలా చేయడం మన పని. అది చేయకుండా ఆమె ప్రార్థనను ప్రశ్నించే అర్హత మనకు రాదు. అది చేసిన తర్వాత కూడా ఆమె తలుపు వేసుకొని తన దేవుడితో మాట్లాడుకుంటే, అది ఆమె ఎంచుకున్న స్వేచ్ఛ. దానికి కాపలా కాయడం విశ్వాసి ధర్మం ఎంతో, నమ్మనివాడి ధర్మమూ అంతే.